తెల్ల టీ పుట్టింటికి వెళ్లొచ్చా

మా తమ్ముడు చైనాలో వెన్‌జౌలో ఎంబీబీఎస్ చదువుతున్నప్పుడు మార్చి ఆఖర్లో వాణ్ణి చూడ్డానికి వెళ్లా, అక్కడి నుంచి ఫుడింగ్‌కి స్పీడ్ ట్రైన్‌లో గంట కూడా పట్టదని తెలిసి ఇంకాగలేదు, ఎందుకంటే నేను మూడేళ్లుగా తాగుతున్న తెల్ల టీ పుట్టిల్లు అదే. ఫుజియాన్ రాష్ట్రంలో సముద్రం పక్కనే ఉంటుంది, వెనకాల తైమూ కొండలు.

ముందు డియాన్‌తౌలో పచ్చి ఆకు మార్కెట్‌కి వెళ్లాం. రైతులు సంచులు విప్పి పెడితే కొనేవాళ్లు గుప్పెడు తీసి వాసన చూసి బేరమాడుతున్నారు, అచ్చం మన గుంటూరు మిర్చి యార్డే. చింగ్‌మింగ్ అని పెద్దల సమాధుల దగ్గరికి వెళ్లే పండగ ఏప్రిల్ 4, 5 తేదీల్లో వస్తుంది, అది రాకముందు కోసిన మొగ్గకి గిరాకీ ఎక్కువ. ఒట్టి మొగ్గతో చేస్తే బైహావ్ యింజెన్, అంటే తెల్ల నూగు వెండి సూది. మొగ్గతో పాటు ఒకటో రెండో ఆకులుంటే బైముడాన్. ముదురు ఆకు షౌమేయ్‌కి పోతుంది.

కొండ దిగువన ఒక ఇంట్లో తయారీ చూశా. గ్రీన్ టీ అయితే కోసిన ఆకుని వెంటనే బాణలిలోనో ఆవిరి మీదో వేడి చేస్తారు, బ్లాక్ టీకి బాగా నలుపుతారు, ఇక్కడ ఆ రెండూ లేవు. వెదురు చాటల్లో పలచగా పరిచి రెండు మూడు రోజులు వాడిపోనిస్తారు, తర్వాత సన్నటి సెగ మీద ఆరబెడతారు, అంతే. వినడానికి ఇంతే గానీ ఆ రెండు మూడు రోజులూ వాళ్ల ప్రాణమంతా గాలి మీదే ఉంటుంది. ఉత్తరపు గాలి పొడిగా వీస్తే పండగే, దక్షిణపు గాలి తేమ మోసుకొస్తే మొగ్గ ఆరక నల్లబడిపోతుంది. నేను ఒక మొగ్గ పట్టుకుని చూద్దామని చెయ్యి చాపితే ఆ ఇంటి ఆయీ, అంటే పిన్ని లాంటి పిలుపు, నా మణికట్టు పట్టుకుని ఆపేసింది. తర్వాత పక్కకి పడిపోయిన ఒక మొగ్గని తనే గోటితో నొక్కి చూపించింది, కాసేపటికి అక్కడ ఎర్రటి గీత తేలింది. నలిగిన చోటల్లా అలా ఎర్రబడుతుందట, అందుకే ఆకు వాడిపోయే టైంలో చెయ్యి పెట్టరు.

సాయంత్రం గాజు గ్లాసులో పోసిచ్చింది, మరీ మరిగే నీళ్లు కాదు, కాస్త చల్లారనిచ్చినవి. మొగ్గలు ముందు పైన తేలాయి, తర్వాత ఒక్కొక్కటీ నిలువుగా నిలబడి మెల్లగా కిందకి దిగాయి, నీళ్లలో సన్నటి నూగు తిరుగుతూ కనిపించింది. రంగు పెద్దగా రాదు. నాలుకకి ముందు ఏమీ అనిపించదు, మింగాక గొంతులో తీపి మొదలవుతుంది, నాకు ఈ టీలో ప్రాణం అదే.

అక్కడో మాటుంది, మొదటి ఏడు టీ, మూడేళ్లకి మందు, ఏడేళ్లకి నిధి అని. తైమూ అమ్మవారు తట్టు పోసిన పిల్లల్ని ఈ ఆకుతోనే బాగుచేసిందని కూడా చెప్తారు, మన ఊళ్లల్లో వేపమండలు గుర్తొచ్చాయి నాకు. మందు సంగతి నేను నమ్మను, కానీ పాతబడ్డ షౌమేయ్‌ని కాస్త మరిగించి తాగితే ఖర్జూరం లాంటి రుచి రావడం మాత్రం నిజం. ఇంకోటి, తెల్ల టీలో కెఫీన్ ఉండదంటారు చూడండి, అది తప్పు, లేత మొగ్గలో బాగానే ఉంటుంది.

100 గ్రాములు కొని ఇంటికి తెచ్చా. అమ్మ ప్యాకెట్ విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని, "మన పాత ఇంట్లో కొత్తగా వేసిన గడ్డివాము వాసనరా ఇది" అంది.