వంద రోజులు

పాస్‌వర్డ్‌కు గడువు పెట్టింది నేనే, ఆ గడువుకు చిక్కిందీ నేనే! యూజర్ల ఖాతాలు, పాస్‌వర్డ్‌లు ఒకచోట దాచే సాఫ్ట్‌వేర్ 389 డైరెక్టరీ సర్వర్‌లో గడువు ఆప్షన్ ఆన్ చేస్తే డిఫాల్ట్‌గా 86,40,000 సెకన్లు, అంటే సరిగ్గా 100 రోజులు. గడువు దాటాక మరో అవకాశం ఇచ్చే గ్రేస్ లాగిన్లు డిఫాల్ట్‌గా సున్నా. నిన్న పొద్దున అడ్మిన్ ఖాతాతో లాగిన్ అవబోతే ఎర్రర్ 49 (లాగిన్ వివరాలు చెల్లవని), పక్కనే పాస్‌వర్డ్ ఎక్స్‌పైర్డ్ అని.

సర్వర్‌పై పూర్తి అధికారం ఉండే డైరెక్టరీ మేనేజర్ ఖాతాకు ఈ గడువులేవీ వర్తించవు కదా, దాంతో వెళ్దామనుకున్నా. దాని పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తులేదు. అప్పుడు మొదలైంది అసలు టెన్షన్.

దారి ఉంది. పీడబ్ల్యూడీహ్యాష్ కమాండ్‌తో కొత్త పాస్‌వర్డ్‌కు హ్యాష్ (అసలు పాస్‌వర్డ్‌కు బదులుగా దాచే అక్షరాల వరుస) తయారుచేసి, సర్వర్ సెట్టింగులుండే డీఎస్‌ఈ.ఎల్‌డిఫ్ ఫైల్లో రూట్ పాస్‌వర్డ్, అంటే డైరెక్టరీ మేనేజర్ పాస్‌వర్డ్, లైనులో పెట్టాలి. పెట్టాను, రీస్టార్ట్ చేశాను. పనిచేయలేదు. ఫైల్ తెరిచి చూస్తే పాత హ్యాషే నవ్వుతోంది. సర్వర్ నడుస్తుండగా ఫైల్ మార్చానన్నమాట. అది ఆగేటప్పుడు తన మెమరీలో ఉన్నదాన్నే మళ్లీ రాసేసింది. ముందు ఆపాలి, తర్వాత మార్చాలి, ఆ తర్వాతే స్టార్ట్ చేయాలి. ఇంత చిన్న విషయానికి గంటన్నర! (ఆ గంటన్నరలో హ్యాష్‌ను అక్షరం అక్షరం మూడుసార్లు సరిచూశాను, తప్పంతా దానిదే అన్నట్టు.)

రెండోసారి లోపలికి వెళ్లాను. ఎల్‌డ్యాప్‌పాస్‌వర్డ్ కమాండ్‌తో అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం నిమిషం పని. గడువు సెట్టింగ్ మాత్రం తీయలేదు. క్యాలెండర్లో 90వ రోజుకు రిమైండర్ పెట్టుకున్నా.