వానలో బౌలింగ్, అమ్మ స్ట్రైక్

వాయుగుండం అని టీవీలో చెప్పగానే మైపాడు బీచ్ ప్లాన్ పోయింది. నెల్లూరులో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇంతే, ఈశాన్య రుతుపవనాల కాలం. ఇంట్లో పిల్లలు ఒకటే గోల. సరేనని అందరం బౌలింగ్‌కి పోయినాం, అదే బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే ఆట.

అమ్మకి బౌలింగ్ అంటే క్రికెట్టే. "ఇంత ఇరుకులో యాడ పరిగెత్తేది అబ్బయా?" అంది. అద్దె బూట్లు సరే, సాక్సులకి వేరే డబ్బులు తీసుకోవడం మాత్రం నాకు నచ్చలేదు.

బంతి దొర్లే లేన్ 60 అడుగులు, చివర సీసాల్లాంటి 10 పిన్నులు. లేన్ ముందు భాగమంతా నూనె పూస్తారు, పిన్నుల దగ్గర పూయరు. అందుకే స్పిన్ ఇచ్చిన బంతి మొదట జారిపోయి, చివర్లో పట్టు దొరికి మలుపు తిరుగుతుంది. ఇదంతా మా బావకి చెప్పినా వినలేదు. బలం చూపించాడు, బంతి నేరుగా లేన్ పక్క కాలవలోకి!

అమ్మ అన్నిట్లోకీ తేలికైన బంతి తీసుకుని, వంగి రెండు చేతులతో దొర్లించింది. అది తీరిగ్గా పోయింది. పిన్నులు ఒక్కొక్కటే ఆలోచించుకుని పడిపోయినట్టు అన్నీ పడిపోయినాయి. స్ట్రైక్! మేం అరిచిన అరుపులకి పక్క లేన్ వాళ్లు కూడా చప్పట్లు కొట్టారు.

అయితే తెర మీద స్కోరు రాలేదు. స్ట్రైక్ కొడితే తర్వాతి రెండు బంతుల పిన్నులు కూడా కలుస్తాయి, అప్పటిదాకా లెక్క తేలదు. అమ్మ ఊరుకుంటుందా? కౌంటర్ దగ్గరికి పోయి "నా పది యాడ పెట్టినారు?" అని నిలదీసింది. బావ మాత్రం వాన తగ్గాక మళ్లీ మ్యాచ్ అంటున్నాడు.