మామ చూపు ఎద్దు మీద ఎక్కడ వాలింది?

కందుకూరు వైపు మా చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరు కోడెను కొనాలన్నా ముందుగా మా మామను వెంటబెట్టుకొని వెళ్తారు. బేరానికి ముందు ఏం చూస్తావని అడిగితే మూపురం, గంగడోలు, సుడులు అని ఆయన ఎప్పుడూ ఒకే వరుస చెబుతారు. ఆయన చూపు కూడా ఆ వరుసలోనే నడుస్తుందా అన్న అనుమానంతో, తెర మీద ఎద్దు ఫొటో పెట్టి ఆయన చూస్తుండగా ల్యాప్‌టాప్ కెమెరాతోనే చూపును పట్టుకొనే ప్రోగ్రామ్ ఒకటి దసరా సెలవుల్లో రాశాను.

ముఖాన్ని గుర్తించడం ఇప్పుడు పెద్ద పని కాదు. గూగుల్ వారి మీడియాపైప్ అనే సాఫ్ట్‌వేర్ ముఖం మీద 468 బిందువులను, వాటికి తోడు ఒక్కో నల్లగుడ్డుకు ఐదు చొప్పున మరో పదింటిని ఇస్తుంది. కష్టమంతా ఆ తరువాతే. ఖరీదైన పరికరాలు పరారుణ కాంతిని కంటి మీదకు పంపి, కార్నియాపై (కంటి ముందున్న పారదర్శకమైన పొరపై) మెరిసే చుక్కకూ కంటిపాప నడిమికీ ఉన్న ఎడాన్ని బట్టి చూపును లెక్కగడతాయి. ఆ కాంతిలో మనలాంటి వారి ముదురు కళ్ళలోనూ పాప విడిగా తెలుస్తుంది. మామూలు కెమెరాకు పాప, దాని చుట్టూ ఉన్న వలయం ఒకే నలుపుగా కలిసిపోతాయి కనుక, నల్లగుడ్డు మొత్తం రెప్పల మధ్య ఎటు జరిగిందన్నదే నాకు మిగిలిన ఆధారం.

పైగా కంటిగుడ్డు తిరిగి ఉన్న దిక్కుకూ మనిషి నిజంగా చూసే దిక్కుకూ సుమారు 5 డిగ్రీల తేడా ఉంటుంది, అది మనిషి మనిషికీ మారుతుంది. అందుకే తెర మీద తొమ్మిది చుక్కలను ఒకదాని తరువాత ఒకటి చూపించి, ఆ కంటి కొలతలను ముందుగా ప్రోగ్రామ్‌కు నేర్పాలి. మామ మాత్రం కన్ను తిప్పకుండా తలనే తిప్పేవారు. కదలొద్దంటే, "చుక్కనే గదా అబ్బయ్యా చూస్తా ఉండేది!" అని విసుక్కున్నారు. ఆయనవి బైఫోకల్ అద్దాలు; కింది ముక్కలోంచి చూడటానికి గడ్డం ఎత్తేసరికి పై రెప్ప సగం గుడ్డును కప్పేసేది, మిగిలిన సగం మీద కిటికీ తెల్లగా మెరిసేది. చివరకు కిటికీ మూసి, ల్యాప్‌టాప్‌ను కిందికి దించి, గడ్డం కింద రెండు దిండ్లు పెట్టాక గాని లెక్క కుదరలేదు.

అప్పటికీ పొరపాటు 3 సెంటీమీటర్ల దాకా ఉంది. 60 సెంటీమీటర్ల దూరంలో 1 డిగ్రీ అంటే తెర మీద ఇంచుమించు 1 సెంటీమీటరు. ఫొటోలో సుడి ఆ 3 సెంటీమీటర్లలో సగం కూడా ఉండదు. కాబట్టి ఆయన సుడిని చూశారో, పక్కనున్న మూపురాన్ని చూశారో చెప్పే అర్హత నా ప్రోగ్రామ్‌కు లేదు. ఫొటోను నాలుగు పెద్ద భాగాలుగా విడదీసి, ఏ భాగం మీద ఎంతసేపు చూపు నిలిచిందో మాత్రమే లెక్కించాను. అన్నిటికన్నా ఎక్కువసేపు వెనక కాళ్ళ మీదే నిలిచింది. ఆ కాళ్ళ పేరు ఆయన నోట ఒక్కసారైనా రాలేదు. కన్ను నిలిచిన చోటే మనసూ నిలిచిందనడానికి లేదు గాని, ఇంత తేడాను నేను ఊహించలేదు.

ఆ సంగతి చెబితే మామ నవ్వారు. "కాళ్ళు లేని ఎద్దుకు మూపురమెందుకు? అయినా నడిపించకుండా ఎద్దును ఎవుడు చూస్తాడు?" అన్నారు. మరునాడు ఊరి బాట మీద ఒక జతను నడిపించి వీడియో తీశాను. ఇప్పుడు ఎద్దు కూడా కదులుతుంది కనుక, ప్రతి ఫ్రేములో దాని కాళ్ళు తెర మీద ఎక్కడున్నాయో గుర్తించి, అదే క్షణపు చూపును వాటితో జత చేయాలి. వీడియో, చూపు రెండింటి గడియారాలూ ఇంకా కలవడం లేదు.