కొండ కింద క్రైస్తవులు

మా తిరుపతిలో మామూలు రోజుల్లో క్రైస్తవం గురించి ఎవరూ మాట్లాడరు, మాట్లాడినా పక్కన ఎవరున్నారో ఒకసారి చూసుకుని గొంతు తగ్గించి మాట్లాడతారు. ఏ పెద్ద నాయకుడో దర్శనానికి వస్తున్నాడంటే మాత్రం టీకొట్టు నుంచి టీవీ స్టూడియో దాకా అందరూ ఆగమ పండితులూ, రాజ్యాంగ నిపుణులూ అయిపోతారు. 2024 సెప్టెంబరులో లడ్డూ నెయ్యి గొడవ, దాని వెనకాలే జగన్ డిక్లరేషన్ మీద సంతకం పెడతాడా పెట్టడా అన్న గొడవ, చివరికి ఆయన ప్రయాణమే రద్దు కావడం, ఇంట్లో బైబిల్ చదువుతాను బయట అన్ని మతాలనూ గౌరవిస్తాను అని ఆయన చెప్పుకోవడం, దాని మీద మళ్లీ వారం రోజుల చర్చ. ఇంత జరిగితే, అన్ని చర్చల్లోనూ ఈ ఊళ్లో ఉండే ఒక మామూలు క్రైస్తవుణ్ణి పిలిచి నువ్వేమంటావయ్యా అని అడిగినవాళ్లు నాకైతే కనబడలేదు.

నేను హిందువును. పెరటాసి శనివారాలు వస్తే నామాలు పెట్టుకుని తళిగ వేసే ఇల్లు మాది. డిక్లరేషన్ అడగడం నాకు తప్పనిపించదు. వేరే మతంవాళ్లు దర్శనానికి వస్తే స్వామి మీద నమ్మకం ఉందని ఒక కాగితం మీద సంతకం పెట్టమంటారు, అంతే. అబ్దుల్ కలాం గారు పెట్టారు. 2024 అక్టోబరులో ఉప ముఖ్యమంత్రి గారి చిన్నమ్మాయి కూడా ఇచ్చింది, ఆకాశం ఊడిపడలేదు. కొండ మీద వేరే మత ప్రచారం వద్దనడమూ న్యాయమే. ఆ నిషేధం తెచ్చిన 2007 ఆర్డినెన్సు ఎవరి హయాంలో వచ్చిందో గుర్తుందా? రాజశేఖర రెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు. ఆ కుటుంబం మతాన్ని రోజూ తిట్టేవాళ్లకు ఇది గుర్తుండదు, రోజూ వెనకేసుకొచ్చేవాళ్లు కూడా ఎందుకో దీన్ని పెద్దగా చెప్పుకోరు.

నా పేచీ కొండ మీది నియమంతో కాదు. అది మెల్లగా అలిపిరి దిగి ఊళ్లోకి రావడంతో.

నాకు తెలిసిన ఒక ట్యాక్సీ అతను ఉన్నాడు, తిరుమలకు ట్రిప్పులు కొడుతుంటాడు. కారు అద్దానికి చిన్న చెక్క సిలువ వేలాడుతుంటుంది. అలిపిరి రాకముందే దాన్ని తీసి డ్యాష్‌బోర్డు అరలో, బండి కాగితాల కింద పెట్టేస్తాడు. ఏం అబ్బా, బాధగా ఉండదా అని ఒకసారి అడిగాను. "దాంట్లో ఏముందన్నా, కొండ వాళ్లది, రూలు వాళ్లది. మా చర్చికొచ్చి ఎవురన్నా భజన పెడతామంటే మా అయ్యగారు ఊరుకుంటాడా?" అన్నాడు. ఘాట్‌రోడ్డు మలుపుల్లో భక్తులు గోవింద కొడితే తనూ కలుపుతాడట, బోణీ బేరం పాడుచేసుకోవడం ఎందుకని నవ్వాడు. నవ్వు ఆపి చెప్పిన మాట వేరే. అద్దె ఇంటికి వెళ్తే వంటగది ఎంత, నీళ్లు ఎప్పుడొస్తాయి అని వీళ్లు అడగకముందే ఓనరు అడుగుతాడట, ఆదివారం పూట ప్రార్థనలు అవీ ఏమీ పెట్టుకోరు కదా అని. ఒకచోట అడ్వాన్సు తీసుకుని మరీ రెండో రోజు వెనక్కిచ్చేశారు. "కొండ మీద తీసేయమంటే తీసేస్తాం అన్నా, ఊర్లో కూడా తీసేయమంటే ఏడ పెట్టుకోవాల?"

2025 ఫిబ్రవరిలో టీటీడీ తన దగ్గర పనిచేసే 18 మంది అన్యమతస్థుల మీద చర్య తీసుకున్నప్పుడు కూడా ఇదే జరిగింది. దేవస్థానంలో పనిచేసేవాళ్లు హిందూ ధర్మాన్ని పాటించాలన్నది వాళ్ల సర్వీసు నియమాల్లో ఉన్నదే. దేవుడి సొమ్ముతో జీతం తీసుకుంటూ ఆ దేవుణ్ణి నమ్మనంటే ఎట్లా అన్న మాటలో న్యాయం ఉంది. కానీ ఆ వార్త వచ్చాక మా వీధిలో, టీటీడీతో ఏ సంబంధమూ లేని వాళ్ల గురించి, ఫలానా టీచరు కూడా అదేనంట, ఫలానా నర్సు కూడా అదేనంట అని లెక్కలు మొదలయ్యాయి. ఆ నర్సు రాత్రి పూట మా పక్కింటి ముసలాయనకు ఇంజెక్షన్ వేసి పోయిన మనిషే.

ఆసుపత్రి అంటే మనవాళ్లకు వెంటనే వెల్లూరులోని క్రైస్తవ మిషన్ ఆసుపత్రి సీఎంసీ గుర్తొస్తుంది. చిత్తూరు నుంచి వెల్లూరు ఎంత దూరం, బస్సెక్కితే గంట, కాస్త అటూ ఇటూ. ఈ జిల్లాలో ఏ ఇంట్లోనైనా బీరువా అడుగున వెల్లూరు ఫైలు ఒకటి ఉంటుంది. మదనపల్లె దగ్గర మిషనరీలు పెట్టిన ఆరోగ్యవరం టీబీ శానటోరియం 1915లో మొదలైంది, అప్పటికి టీబీకి మందే లేదు, మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి, అంతే వైద్యం. మన దేశంలో టీబీ రాకుండా వేసే బీసీజీ టీకాలు మొదట 1948లో అక్కడే వేశారు. దీన్ని పట్టుకుని ఒకరు మిషనరీలు లేకపోతే మనకు ఆసుపత్రులే లేవంటారు, ఇంకొకరు అదంతా మతం మార్చడానికి వేసిన ఎర అంటారు. ఇద్దరి మాటా బద్ధకం మాటే అని నా అభిప్రాయం. వెల్లూరు వెళ్లొచ్చిన మా బంధువులెవరూ మతం మారలేదు, ఆ ఆసుపత్రిని కట్టినవాళ్లు క్రీస్తు పేరు దాచుకున్నదీ లేదు.

ఎర అనే మాట వచ్చింది కాబట్టి ఒంగోలు సంగతి. 1876-78 నాటి పెద్ద కరువులో బకింగ్‌హామ్ కాలువ పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించిన క్లౌ అనే బాప్టిస్టు మిషనరీ ఉన్నాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. కూటి కోసం మారారు అనడానికి ఇంతకంటే ఏం కావాలి? కానీ అదే క్లౌ కరువు సాయం నడిచినన్నాళ్లూ, బియ్యం కోసం వచ్చారన్న మాట పడకూడదని, ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వకుండా ఆపి ఉంచాడు. సాయం ముగిశాకే ఇచ్చాడు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనుషులకు ఎవరో పేరు పెట్టి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకున్నారు. దాన్ని ప్రలోభం అనే ముందు, ఆ పని మనం ఎందుకు చేయలేదో కూడా చెప్పాలి కదా. ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి మన టీవీ యాంకర్లకు బ్రేక్ టైమ్ అవుతుంది.

అట్లాగని అవతలివైపు అంతా గొర్రెపిల్లలేం కాదు. యూట్యూబులో కొందరు పాస్టర్లు మన విగ్రహాల గురించి వాడే భాష వింటే ఒళ్లు మండుతుంది. క్యాన్సరు తగ్గిస్తాం, మాత్రలు ఆపేయండి అని స్వస్థత కూటాల్లో మైకు పట్టుకుని చెప్పేవాళ్ల మీద కేసు పెట్టాల్సిందే, అందులో మత స్వేచ్ఛ ఏమీ లేదు. తమాషా ఏమిటంటే వీళ్ల మీద ఎక్కువ చిరాకు పడేది పాతకాలపు సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కుటుంబాలే. చిత్తూరులో నాకు తెలిసిన ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారు, మూడు తరాల క్రైస్తవులు, పాతకాలపు తెలుగు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి కీర్తనలు రాగం తప్పకుండా పాడతారు. వీధి చివర షెడ్డులో కీబోర్డూ డ్రమ్స్‌తో ఆరాధన మొదలైతే కిటికీ మూసేసి, "ఇదేం భక్తి నాయనా, రికార్డింగ్ డ్యాన్సులాగా" అంటారు. ఆ షెడ్డులో పాడేవాళ్లేమో, ఆ పెద్ద చర్చి వాళ్లకు కోటూ బూటూ తప్ప ఆత్మ లేదంటారు. బయటనుంచి చూసి క్రైస్తవులు అని ఒకే మూటగా కట్టేస్తాం గానీ, లోపల ఇంత తగాదా ఉంది. కులం తగాదా కూడా ఉంది. పెళ్లి ప్రకటనల్లో క్రిస్టియన్ రెడ్డి, క్రిస్టియన్ కమ్మ అని చూడలేదా? ఏసు ముందు అందరూ సమానమే, వియ్యం దగ్గర కాదు.

అసలు సంగతి ఇక్కడుంది. ఒక రెడ్డి ఏసును నమ్ముకుంటే ఆయన రికార్డుల్లో ఏమీ మారదు. ఎస్టీ మారినా ఎస్టీయే. ఎస్సీ మనిషి మారితే మాత్రం 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ కాకుండా పోతాడు. మొదట హిందువులకే అని ఉన్నదాన్ని 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ వర్తింపజేశారు, క్రైస్తవులకూ ముస్లింలకూ ఇవ్వలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన ఎస్సీలను బీసీల్లో ఒక విభాగమైన బీసీ-సీలో పెట్టారు, రిజర్వేషను 1 శాతం. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఎస్సీ హోదాకు మతంతో లంకె తీసేయమంది. 2023 మార్చిలో మన అసెంబ్లీ క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. మాజీ ప్రధాన న్యాయమూర్తి బాలకృష్ణన్ గారి అధ్యక్షతన 2022లో ఇదే విషయం తేల్చమని ఇంకో కమిషన్ వేశారు. ఈలోగా కోర్టులు ఉన్న చట్టాన్ని ఉన్నట్టు చెబుతున్నాయి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, నమ్మకం లేకుండా రిజర్వేషను కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమే అంది. 2025 ఏప్రిల్లో మన హైకోర్టు ఒక పాస్టరు కేసులో, మతం మారిన ఎస్సీలకు ఎస్సీ ఎస్టీ అత్యాచారాల చట్టం రక్షణ కూడా ఉండదని చెప్పింది.

ఇప్పుడు తిరుపతి శివారు కాలనీలో ఒక ఇంటికి రండి. ముందు గదిలో వేంకటేశ్వరస్వామి క్యాలెండరు ఉంటుంది, ఏ నగల కొట్టువాళ్లో ఇచ్చింది. లోపలి గదిలో మంచం తలాపున గుడ్డలో చుట్టిన బైబిలు. ఆ ఇంటి ఆడమనిషి ఆదివారం తెల్లచీర కట్టుకుని, బైబిలు సంచిలో పెట్టుకుని, రెండు వీధులు చుట్టు తిరిగి మందిరానికి వెళ్తుంది. ఎందుకు తిన్నగా వెళ్లదంటే కొడుకు ఇంజినీరింగ్ చదువుతున్నాడు, ఫీజు రీయింబర్స్‌మెంటుకు కుల సర్టిఫికెట్ కావాలి, సచివాలయం నుంచి విచారణకు వస్తే ఇంట్లో ఏం ఉందో చూస్తారు, పక్కింట్లో అడుగుతారు. పండక్కి మా ఇంట్లో ప్రసాదం ఇస్తే తీసుకుంటుంది. తింటుందో లేదో నేనెప్పుడూ చూడలేదు, చూడాలనీ లేదు.

ఈవిడను మనం క్రిప్టో క్రిస్టియన్ అని వెక్కిరిస్తాం. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో క్రైస్తవులు సుమారు 1.3 శాతమే, నిజంగా ఎంతమంది ఉన్నారో చూడండి, అందరూ దొంగ హిందువులే అని వాదిస్తాం. ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5,000 గౌరవ వేతనం మొదలుపెట్టాక ఆ జాబితాలో ఎస్సీ సర్టిఫికెట్ ఉన్నవాళ్లు ఉన్నారని ఫిర్యాదులు కూడా వెళ్లాయి, పాస్టరే అలా చేస్తే నేనూ సమర్థించను. కానీ ఆ ఇంటావిడ విషయంలో దాచుకోమని చెబుతున్నది చట్టం, దాచుకున్నావేమని తిడుతున్నది మనం. రెండూ ఒకేసారి ఎట్లా కుదురుతాయి? మతం మారితే అంటరానితనం పోతుందని 1950లో ఎవరైనా నమ్మి ఉంటే సరే. శ్మశానంలో కూడా వేరే మూల చూపించే ఊళ్లున్న జిల్లాలో ఉండి ఈరోజు ఆ మాట నమ్మడం కష్టం. కర్ర పట్టుకుని వచ్చినవాడు నువ్వు ఏ చర్చికి వెళ్తావని అడిగి కొట్టడు.

దీనికి ఎదురు వాదన లేదా అంటే ఉంది, గట్టిదే. హిందూ దళిత సంఘాలు మా వాటాలోకి ఇంకొకళ్లను ఎందుకు తోస్తారని అడుగుతాయి, మిషన్ స్కూళ్లలో చదువుకున్నవాళ్లు వచ్చి పడితే మా పిల్లలకు ఏం మిగులుతుందని. చర్చివాళ్లను ఇంకో ప్రశ్న అడగొచ్చు, మాలో కులం లేదని వేదిక మీద చెబుతూ కులం సర్టిఫికెట్ కోసం ఢిల్లీలో ధర్నా ఎట్లా చేస్తారని. మొదటిదానికి జవాబు వాటా పెంచడంలో ఉందేమో, అది నాకు తేలే లెక్క కాదు. రెండోదానికి చర్చిలే జవాబు చెప్పాలి, ఇంతవరకు సరిగ్గా చెప్పలేదు. కనీసం అత్యాచారాల చట్టం రక్షణనైనా మతంతో ముడిపెట్టకుండా ఉంచితే బాగుంటుందని నాకనిపిస్తుంది, దానికి ఎవరి సీటూ పోదు, ఎవరి స్కాలర్‌షిప్పూ తగ్గదు.

ఈసారి జనగణనలో అందరి కులమూ రాస్తారట. ఎప్పటిలాగే హిందూ, సిక్కు, బౌద్ధ అని చెప్పినవాళ్లకే ఎస్సీ అని రాసే పద్ధతి ఉంటే, ఎన్యుమరేటరు ముందు కూర్చున్న మనిషికి రెండు ప్రశ్నలకూ నిజం చెప్పే వీలు ఉండదు. ఆ కాలనీ ఆవిడను అడిగాను, ఏం రాయిస్తావమ్మా అని. "మా పిల్లోడికి ఉద్యోగం వచ్చేదాకా హిందూ అనే అన్నా. దేవునికి తెలుసులే" అంది. ఆ అంకె అట్లాగే అచ్చవుతుంది, దాన్ని చేతిలో పట్టుకుని ఒకరు మేం తగ్గిపోతున్నామనీ ఇంకొకరు వీళ్లు దాక్కుంటున్నారనీ ఇంకో పదేళ్లు టీవీల్లో కొట్టుకుంటారు.