హద్దు గీయండి, కానీ లెక్క చూపించండి

ఏ ఇంటి పిల్లలు ఏ బడికి వెళ్లాలో తేల్చే స్కూల్ హద్దులు మార్చే మీటింగ్ నుంచి వచ్చాక కూడా మనసు కుదుటపడలేదు. మా వీధికి అటువైపు పిల్లలు ఒక బడికి, ఇటువైపు వాళ్లు ఇంకో బడికి అట. నా బాధ అది కాదు, హద్దు ఎక్కడో ఒకచోట గీయాల్సిందే. కానీ ఆ హద్దుకి ఆధారమైన బడి కెపాసిటీ, అంటే అందులో ఎంతమంది పిల్లలు పడతారన్న లెక్క, నిరుడు చెప్పిన అంకె ఒకటి, ఇప్పుడు చూపిస్తున్నది ఇంకొకటి. ఎందుకు మారిందంటే ఎవరూ నోరు విప్పరు.

గదుల్ని తరగతికి ఇంతమంది అని గుణిస్తే ఒక లెక్క వస్తుంది. మ్యూజిక్ గది, ప్రత్యేక అవసరాలున్న పిల్లల గది తీసేస్తే అది తగ్గుతుంది. ఆవరణలోని తాత్కాలిక గదుల్ని కలిపితే మళ్లీ పెరుగుతుంది. ఏదీ దొంగలెక్క కాదు. ఏది వాడారో చెప్పకపోతేనే అనుమానం. మ్యాపు ముందే ఖాయం చేసి మమ్మల్ని మాటవరసకి పిలిచారేమో అనిపిస్తుంది.

నా పక్కన కూర్చున్న తల్లి, తన బాబు చదివే చిన్న గది చుట్టూ ప్రింటవుట్‌లో పెన్నుతో సున్నా చుట్టింది. దాన్ని మామూలు తరగతి గదిగా లెక్కేశారు. ఆమె చెయ్యెత్తే ఉంది, టైమ్ అయిపోయిందన్నారు.

పూర్తి లెక్కల షీటు బయటపెట్టమని అర్జీ రాస్తున్నాం. సంతకం పెట్టేవాళ్లు మెసేజ్ చేయండి.