కరపత్రం అడుగున ఉండే వరుస

పాత పేపర్లు తూకానికి వేస్తుండగా మడతల్లోంచి 2024 ఎన్నికల నాటి కరపత్రం ఒకటి జారిపడింది. వాగ్దానాలను దాటుకుని నా చూపు అడుగున చీమతలంత అక్షరాల్లో ఉన్న వరుస మీద నిలిచింది: ముద్రించినవారి పేరు, ప్రచురించినవారి పేరు, ఇద్దరి చిరునామాలు.

అది మర్యాద కోసం వేసిన వరుస కాదు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 127ఏ సెక్షన్ ప్రకారం, ఆ వివరాలు లేకుండా ఎన్నికల కరపత్రం అచ్చువేస్తే 6 నెలల వరకు జైలుశిక్ష గానీ, రూ.2,000 వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. అచ్చు వేయించే వ్యక్తి తానెవరో తెలుపుతూ సంతకం చేసి, తనను స్వయంగా ఎరిగిన ఇద్దరి చేత ధ్రువీకరణ కూడా చేయించి ప్రెస్సువారికి ఇవ్వాలి.

ఎవరు రాశారో తెలియకుండా రోజూ ఫోనులోకి వచ్చిపడే సందేశాల కంటే, బాధ్యుల చిరునామా మోస్తున్న ఈ నాసిరకం కాగితమే నాకు ఎక్కువ నమ్మదగినదిగా కనిపించింది. వాగ్దానాల సంగతి వేరనుకోండి.