హంటర్ రోడ్డు చెట్ల కింద, పిల్లలతో

వరంగల్ వెళ్తున్నామని చెబితే చాలు, కోట, వేయిస్తంభాల గుడి, వీలైతే రామప్ప అని అందరూ లిస్టు చదివేస్తారు. పెద్దవాళ్లకు అది సరే. ఐదేళ్ల పిల్లాడిని తోరణం ముందు నిలబెట్టి కాకతీయుల శిల్పకళ గురించి చెప్పి చూడండి, రెండో నిమిషంలో నీళ్ల సీసా అడుగుతాడు. అందుకే సంక్రాంతి సెలవుల్లో కరీంనగర్ నుంచి అక్కవాళ్లింటికి వెళ్లినప్పుడు హనుమకొండ వైపున్న చెరువు కట్టలు, గుట్టలు, చెట్లున్న చోట్లే తిరుగుదాం అనుకున్నాం. అమ్మ, మా పాప, బాబు, నేను. మా వెంట అక్క. బావ పతంగుల పని ఉందని ఇంట్లోనే ఉండిపోయాడు.

అక్కది ఒక్కటే షరతు. "పొద్దుగాల్లనే లేవాలె. ఎండెక్కినంక కట్ట మీద ఏముంటది?" జనవరి చలిలో పిల్లలను లేపి స్వెట్టర్లు తొడిగేసరికి నాకు చెమటలు పట్టాయి. వడ్డేపల్లి చెరువు కట్ట మీదికి చేరేటప్పటికి వాకింగ్ వాళ్లు అప్పటికే సగం తిరిగి వెనక్కి వస్తున్నారు. మఫ్లర్లు కట్టుకున్న రిటైర్డు సార్లు రాజకీయాలు మాట్లాడుకుంటూ నడుస్తుంటే వాళ్ల పక్కనుంచి కుర్రాళ్లు పరుగు తీస్తున్నారు. నగరానికి తాగునీళ్ల కోసం నిల్వ పెట్టుకునే చెరువు ఇది. నీళ్లలో నిలబడ్డ మోడు మీద నల్లటి పక్షి ఒకటి రెండు రెక్కలూ చాపి కదలకుండా కూర్చుంది.

"అమ్మమ్మా, దాని రెక్కలు ఇరిగినయా?" అన్నాడు బాబు.

"ఇరగలే బిడ్డా. నీటికాకి అది. బట్టలు ఆరేసుకుంటుంది" అంది అమ్మ.

అమ్మ సరదాగా అన్నా అందులో నిజం ఉంది. బాతు ఈకల మీద నీరు నిలవదు గానీ నీటికాకి ఈకలు తొందరగా తడిసిపోతాయి. తడిస్తే ఒళ్లు బరువెక్కి లోపలికి మునగడం సులువు. చేపను పట్టుకుని పైకొచ్చాక ఇలా ఎండలో కూర్చోక తప్పదు. అది ఎగిరిపోయేదాకా బాబు కదలనన్నాడు. మాకూ తొందరేమీ లేదు.

ఇంటికెళ్లి టిఫిన్లు చేసి, సకినాల డబ్బా, పులిహోర సర్దుకుని హంటర్ రోడ్డులోని జూకు బయల్దేరాం. కాకతీయ జూలాజికల్ పార్కు అన్నది దాని పేరు. వన విజ్ఞాన కేంద్రం అనేది 1985లో మొదలైనప్పటి నుంచీ ఉన్న పేరు. విస్తీర్ణం 50 ఎకరాల లోపే. హైదరాబాద్ జూ చూసినవాళ్లు "ఇంతేనా" అనొచ్చు. చిన్న పిల్లలు, ముసలివాళ్లు ఉన్న ఇంటికి ఈ "ఇంతే" ఎంత హాయో నాకు అక్కడే తెలిసింది. కాళ్లు నొప్పి పుట్టకముందే ఒక చుట్టు పూర్తవుతుంది. నడిచే దారంతా దాదాపు నీడే.

ఎలుగుబంటి మాకు వీపు మాత్రమే చూపించింది. మొసళ్లు రాళ్లో, ప్రాణులో తేల్చుకోవడం పిల్లలకు కాసేపు ఆటైంది. నెమళ్లకు పురి ఇంకా పూర్తిగా రాలేదు. వానాకాలం తర్వాత పింఛం రాల్చేసి మళ్లీ పెంచుకుంటాయి కదా, జనవరిలో అవి సగం అలంకరణతోనే తిరుగుతాయి.

దుప్పుల దగ్గర మాత్రం పిల్లలు పాతుకుపోయారు. కంచెకు బాగా దగ్గరగా ఒక మగ చుక్కల దుప్పి నిలబడింది. దాని కొమ్ములను చూపించి పాప, "మమ్మీ, కొమ్ముల మీద బొచ్చుంది" అంది. పరీక్షగా చూస్తే నిజమే. గోధుమరంగు నూగు, కొసలు గుండ్రంగా, ఇంకా పచ్చిగా ఉన్నాయి. ఒక చెవి కొమ్ముకు తగిలినప్పుడల్లా అది తల విదిలిస్తోంది. చుక్కల దుప్పికి ఎప్పటికప్పుడు కొమ్ములు రాలిపోయి కొత్తవి మొలుస్తాయి. పెరిగేటప్పుడు నెత్తురు పారే మెత్తటి చర్మం వాటిని కప్పి ఉంటుంది. ఎముక గట్టిపడ్డాక ఆ చర్మాన్ని చెట్లకు రుద్ది ఊడగొట్టుకుంటుంది. కృష్ణజింకకు అలా కాదు. మెలికలు తిరిగిన ఆ కొమ్ములు ఒకసారి వచ్చాయంటే జీవితాంతం ఉంటాయి. ఇదంతా చెబుతుంటే పాప నోరు తెరుచుకుని వింది. నేను ఏదైనా చెబితే అది అంత శ్రద్ధగా వినడం ఈ మధ్య చూడలేదు.

బాబు ఈలోగా జేబులోంచి సకినం తీశాడు, దుప్పికి పెడతానని. అక్క చెయ్యి పట్టుకుని ఆపింది. "అది తింటే కడుపు నొస్తది. అందుకే పెట్టొద్దని బోర్డులు రాసిన్రు." పక్కనే ఒకాయన దర్జాగా చిప్స్ విసురుతున్నాడు, ఆయనకు ఎవరు చెప్పాలి?

మధ్యాహ్నం పడుకుని లేచాక పద్మాక్షి గుట్టకు వెళ్లాం. మెట్ల దగ్గరే అక్క మా చేతుల్లోని ప్లాస్టిక్ కవర్లన్నీ తీసుకుని బ్యాగులో కుక్కింది. కవరు చప్పుడైతే చాలట, కోతులు దిగిపోతాయి. అమ్మ మోకాళ్ల నొప్పులని గుండం దగ్గరే ఆగిపోయింది. బతుకమ్మ పండుగకు ఈ గుండం చుట్టూ కాలు పెట్టే సందుండదు. ఆ రోజు ఇద్దరు ముసలమ్మలు తప్ప ఎవరూ లేరు. అమ్మ వాళ్లతో అప్పుడే ఊరు, పేరు కలిపేసింది.

పైన బండ మీద చెక్కిన తీర్థంకరులను చూసి పాప, "వీళ్లకు బట్టలెందుకు లేవు?" అంది. ఒకప్పుడు ఇది జైనుల గుడి. ఇక్కడి 1117 నాటి శాసనం ప్రకారం కాకతీయ రాజు రెండో ప్రోలరాజు కాలంలో మంత్రి బేతన భార్య మైలమ ఈ కడలాలయ బసదిని కట్టించింది. ఈ తీర్థంకరులు అన్నీ వదిలేసిన మునులు, బట్టలు కూడా వదిలేశారు అని పాపకు చెప్పాను. "మరి చలికాలం?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. వేయిస్తంభాల గుడి 1163 నాటిది. అంటే మేం నిలబడ్డ చోటు దానికన్నా పాతది. కానీ ఇక్కడికి వచ్చేవాళ్లు మాత్రం తక్కువ. నాకైతే పిల్లలతో ఇదే నయమనిపించింది. పరుగెత్తడానికి బండలున్నాయి, పైనుంచి చూస్తే ఊరంతా కనబడుతుంది.

చీకటి పడే వేళకు భద్రకాళి బండ్. అమ్మవారి దర్శనం చేసుకుని కట్ట మీదికి వచ్చాం. నడవడానికి వెడల్పాటి దారి, కూర్చోవడానికి అరుగులు, లైట్లు. సెలవులు కాబట్టి రద్దీ బాగానే ఉంది. పిల్లల చెయ్యి వదలొద్దు, అంతే. కాల్చిన మొక్కజొన్న కంకులు కొనుక్కుని అరుగు మీద చేరాక అక్క 2024 చివర్లో పూడిక తీయడానికి చెరువును ఖాళీ చేసిన సంగతి చెప్పడం మొదలుపెట్టింది. నీళ్లు పోయాక బురదంతా బయటపడిందట, జనం గుంపులుగా వచ్చి చూశారట.

"మరి చేపలన్నీ ఏమైనయ్ పెద్దమ్మా?" అంది పాప.

"కొన్ని మనింటికే వచ్చినయ్ బిడ్డా. మీ పెద్దనాన్న వారం రోజులు పులుసే తిన్నడు."